చుక్క ముట్టని ప్రమాణం

సిలావ్,
సెప్టెంబరు.

హెర్లిందాకు,

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అందుకని పేరే రాశాను. ఏమనుకుంటావో అనుకో.

నేను బతికే ఉన్నాను. నువ్వు పంపిన మనుషులు నన్ను చంపలేదు, దుప్పటిలో చుట్టి మూటలా వ్యాను వెనక పడేశారంతే. వ్యానులో చీకటి, మొహం కనపడలేదు గాని, లియోన్ నుంచి ఇక్కడి దాకా ఒకావిడ నా కాళ్ళ మీదే కూర్చుంది. మంచి బరువైన మనిషి. మన వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. రొట్టెల కొట్టు ముసలాయనైతే టోపీ కూడా తీశాడు, శవాన్ని తీసుకెళ్తున్నారనుకున్నాడేమో. నా కూతురు అమ్మా అని అరుస్తుంటే నువ్వు దాని మొహం నీ పొట్టకు అదుముకొని నిలబడ్డావు. అది నేను మరిచిపోను.

ఈ అనెక్సో మత్తు మానిపించే ఇల్లట. ఇల్లే, కాకపోతే తాళం బయటివైపు వేస్తారు. ఫోన్లు లాక్కున్నారు. ఉత్తరాలు రాసుకోవచ్చు గాని, వచ్చేవీ పోయేవీ ఇంటి పెద్దావిడ చదివాకే కదులుతాయి. ఆవిడను మద్రీనా అని పిలవాలి. జ్ఞానస్నానం నాడు నన్నెత్తుకున్న మద్రీనా ఒకావిడ ఉండేది, నాకు ఆవిడ చాలు. మద్రీనా కూకా, ఇది కూడా చదువుతున్నావు కదా, మీ సూప్‌లో ఉప్పు లేదు.

హెర్లిందా, నేను చేసిన తప్పేమిటో చెప్పు. గ్వాదలూపే మాత పటం ముందు, నువ్వు పక్కనుండగా, ఏడాదిపాటు తాగనని ప్రమాణం చేశాను. ఫాదర్ చీటీ రాసిచ్చాడు. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. అన్నయ్య కొడుకు బాప్తిజంలో అందరూ తేకీలా తాగి పాటలు పాడుతుంటే నేను మూలన కూర్చుని మందారపూల షర్బత్ తాగాను. నువ్వే నా భుజం తట్టావు.

క్రిస్టల్ మత్తుమందు సంగతంటావా, అది పని కోసం. పీసు లెక్కన బూట్లు కుట్టేవాళ్ళం, పొద్దుటి నుంచి మిషను మీద వంగి ఉంటే నడుము ఎవరు నిలబెడతారు? దొన్ ఎలీసియో కార్ఖానాలో అది పీల్చనివాళ్ళను వేలు పెట్టి చూపించు చూద్దాం.

తీసుకొచ్చిన మనిషే వచ్చి సంతకం పెడితే తప్ప వదలరట. నువ్వు వచ్చి సంతకం పెట్టు. నా కూతురు నాకు కావాలి. అంతకన్నా నీతో మాట్లాడేదేమీ లేదు.

ఒతీలియా


లియోన్,
సెప్టెంబరు.

చెల్లి ఒతీలియాకు,

నీ ఉత్తరం అందింది. నీ నోటి దురుసు తగ్గలేదని తెలిసి ఒకందుకు సంతోషించాను. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళే అలా రాయగలరు.

నీ తప్పేమిటని అడిగావు. లోకమంతటికీ బూట్లు కుట్టే వీధి మనది. ఆ వీధిలో నీ కూతురు నా చెప్పులు ఈడ్చుకుంటూ బడికి పోయింది. ఎందుకంటే దాని బూట్లు నువ్వు అమ్ముకున్నావు. కొన్నది ఎవరో కూడా నాకు తెలుసు, వాళ్ళ పిల్ల వాటినే వేసుకొని మన యారెలి ముందు గంతులేసింది. చాలా, ఇంకా రాయనా? మాత పటం దగ్గర వెలిగే బల్బు కూడా పీకి పీల్చడానికి గొట్టం చేసుకున్నావు. నేను చీకట్లో ఉన్న పటానికి దండం పెట్టుకొని, ఫ్యూజు పోయిందేమోనని ఎలక్ట్రీషియన్ను పిలిచాను. అతను నా మొహం చూసి, డబ్బు తీసుకోకుండా పోయాడు.

అందరూ పీలుస్తున్నారట. అందరూ బావిలో దూకితే నువ్వూ దూకుతావా అని అమ్మ అనేది. నువ్వు దూకావు. పిల్లను చంకనెత్తుకొని మరీ దూకావు.

దుప్పటిలో చుట్టించినందుకు నేనేం సిగ్గుపడను. నిన్ను మొదట దుప్పటిలో చుట్టి ఇంటికి తెచ్చింది అమ్మ, పురిటాసుపత్రి నుంచి. రెండోసారి నేను. అంతే తేడా.

క్రిస్మస్‌కు ముందు వస్తాను. నీ ఒళ్ళు, బుద్ధి కుదురుగా ఉంటే సంతకం పెడతాను, లేకపోతే లేదు. యారెలి బాగుంది. దానికి కొత్త బూట్లు కుట్టాను. ఇంట్లో తెచ్చుకునే పని ఇద్దరికీ చాలడం లేదు, అందుకని ఎలీసియో దగ్గర నీ మిషను ముందు నేను కూర్చుంటున్నాను. నీ కుర్చీ ఒక కాలు కుంటిది, ఇన్నాళ్ళూ ఎలా కూర్చున్నావో.

సూప్‌లో ఉప్పు కావాలంటే మర్యాదగా అడుగు.

అక్క హెర్లిందా


సిలావ్,
అక్టోబరు.

అక్కా,

బూట్ల సంగతి నిజం. బల్బు సంగతీ నిజం. యారెలి పాదం కాగితం మీద గీసి, కొలత తీసి, నేనే కుట్టిన బూట్లవి. నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఇక్కడ ఏడిస్తే చప్పట్లు కొడతారు, బాగుపడుతోందని. ఆ ముచ్చట వాళ్ళకెందుకు తీర్చాలని దిండు కరిచిపట్టుకొని ఏడ్చాను.

మొదట్లో నిద్ర ఒక్కటే తెలుసు. లేపి తినిపించేవాళ్ళు, మళ్ళీ పడుకునేదాన్ని. తర్వాత ఒళ్ళంతా చీమలు పాకడం మొదలైంది. లేవని తెలుసు, అయినా గోక్కున్నాను. ఇప్పుడు చీమలు తగ్గాయి, ఆకలి పెరిగింది. నిన్న బీన్స్ మూడోసారి అడిగితే వంటావిడ, "ఏమ్మా, బిందె పట్టుకురానా?" అంది.

రోజూ సాయంత్రం ఒక్కొక్కరం ఎత్తు బల్ల ఎక్కి మన బతుకు అందరికీ చెప్పాలి. నా వంతు వచ్చింది. మద్రీనా కూకా కింద కూర్చుని, "ముందు ‘నేను చెత్తను’ అను" అంది.

"నేను చెత్తను కాదు. జబ్బు చేసిన మనిషిని."

"చెత్తనని ఒప్పుకుంటేనే బాగుపడతావు పిల్లా. మేమంతా ఒప్పుకున్నవాళ్ళమే."

"చెత్తనైతే బాగుచెయ్యడం దేనికి? మున్సిపాలిటీ బండి ఎక్కించండి, దుర్గంధం పోతుంది."

అందరూ నవ్వేశారు. మద్రీనా కూడా నవ్వు ఆపుకోలేక మూతి తిప్పుకుంది. ఆ తర్వాత మాడిన గిన్నెలన్నీ నాతో తోమించింది. తోముతాను, నాకేం. గిన్నెలు తోమడం వేరు, నన్ను నేను తిట్టుకోవడం వేరు. ఈ ఇంట్లో చాలామంది రెండోది చేసీ చేసీ, బయటకెళ్ళి మొదటి వీధి మలుపులోనే మళ్ళీ పీల్చారు. చెత్తకు కుప్ప మీద ఉంటే తప్పేముందనుకున్నారు మరి.

ఇక్కడెవరున్నారో తెలిస్తే నువ్వు నమ్మవు. నేను మనలాంటి వాళ్ళే ఉంటారనుకున్నాను. ఒక నర్సు ఉంది. ఒక పోలీసాయన పెళ్ళాం ఉంది. మొక్కజొన్న పిండి తమాలెలు అమ్ముకునే ముసలావిడ ఉంది, కీళ్ళనొప్పులకు మంచిదని సొంత మనవడే అలవాటు చేశాడట. నా పక్క మంచం నిన్‌ఫా స్ట్రాబెర్రీలు పెట్టెల్లో సర్దే పని చేసేది. చిన్నపిల్ల. నవ్వితే పళ్ళు ఉండవు, అరచెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతుంది. "మా షెడ్డులో మేస్త్రీ నీళ్ళు ఇచ్చినట్టు ఇచ్చేవాడు అక్కా, పెట్టెలు వేగంగా నిండాలని" అంది. మా దగ్గరా అంతే అన్నాను.

నీ మీద కోపం తగ్గిందనుకోకు. కానీ యారెలికి తల ఎవరు దువ్వుతున్నారు? కుడివైపు సుడి ఉంటుంది, తడిపి దువ్వాలి.

ఒతీలియా


లియోన్,
నవంబరు చివర.

చెల్లీ, నా బంగారు చెల్లీ,

చాలా రోజులైంది రాసి, తీరిక లేదు, తీరిక లేదనే కంటే తీరిక అవసరమే లేదనాలి, ఎందుకంటే ఇప్పుడు నాకు పనిలో అలుపే రావడం లేదు. క్రిస్మస్ ఆర్డర్లు వచ్చి పడ్డాయి, ఎలీసియో కార్ఖానాలో నాకన్నా ఎక్కువ జతలు కుట్టేవాళ్ళు లేరు, ఆ కుర్రాళ్ళు కూడా నోరు తెరుచుకొని చూస్తున్నారు. నీ మిషను మంచిది. కుంటి కుర్చీకి కాలు నేనే వేశాను. వంటింటికి నీలం రంగు వేశాను, బాగాలేదనిపించి ఆకుపచ్చ వేశాను, మేకులన్నీ పీకి మళ్ళీ కొట్టాను, అమ్మ పెట్టెలో బట్టలన్నీ తీసి ఉతికి మడతపెట్టి మళ్ళీ తీసి మడతపెట్టాను. సోమవారాలు కూడా పనికి పోతున్నాను. వాళ్ళంతా యథాప్రకారం సోమవారం సెయింటు గారి పండగని పని ఎగ్గొట్టి బండి దగ్గర కూర్చుని గ్వాకమాయలు తింటారు కదా, రొట్టె నిండా పంది తోలు వేపుడు కుక్కి, కారం ఓడుతూ. నాకు చూస్తేనే కడుపు నిండిపోతుంది.

నడుము నొప్పి అంటే ఎలీసియో ఏదో విటమిన్ ఇచ్చాడు. మనిషి మనం అనుకున్నంత చెడ్డవాడేం కాదు. ఒళ్ళు దూదిలా తేలిపోతోంది. అమ్మ పోయాక ఇంత హుషారుగా ఎప్పుడూ లేను. ఎన్నో ఆలోచనలు వస్తున్నాయి, సొంతంగా కార్ఖానా పెడదాం, నువ్వు వచ్చాక పైతోళ్ళు నువ్వు కోద్దువు గాని, దానికి పేరు కూడా అనుకున్నాను, పేరు తర్వాత చెప్తాను, ఎవరైనా వింటారు.

ఇంకొకటి. క్రిస్మస్‌కు రాలేను. ఆర్డర్లు వదిలి ఎలా వస్తాను? మద్రీనాతో ఫోన్లో మాట్లాడాను, ఫిబ్రవరిలో కాండెలారియా పండగ దాకా ఉంచుతానంది. నీకూ మంచిదే. తొందరపడి వచ్చి పాడైనవాళ్ళను ఎంతమందిని చూడలేదు మనం.

యారెలి బాగుంది, బాగుంది, నాకు సాయం చేస్తోంది.

నీ అక్క


సిలావ్,
డిసెంబరు.

అక్కా,

నీ మాట నమ్మి రోజులు లెక్కపెట్టుకున్నదాన్ని. ఫిబ్రవరి అన్నావు. ఎవరిని అడిగి అన్నావు? నన్ను అడగాలని ఒక్క క్షణమైనా తోచలేదా? ఇదంతా రాసి చింపేశాను. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఆ తర్వాత కోపం పోయి భయం పట్టుకుంది.

స్వయంగా పోపుగారే వచ్చి చెప్పినా సోమవారం సూది పట్టని మనిషివి నువ్వు. గ్వాకమాయ కనపడితే ఉపవాసం నాడైనా ఆగేదానివి కాదు. అలాంటిదానికి చూస్తేనే కడుపు నిండుతోందట. వంటింటికి రెండు రంగులట.

నన్ను ఇలాంటి ప్రశ్నలే నువ్వడిగావు, అప్పుడు నేను అబద్ధాలు చెప్పాను. ఇప్పుడు నేనడుగుతాను. ఈ వారం ఏం తిన్నావు? పళ్ళు కొరుకుతున్నావా? నాలుక ఎండిపోయి సిగరెట్టు అట్టలా ఉందా? ఆ విటమిన్ పటికబెల్లం పలుకుల్లా ఉంటుందా? నడుము నొప్పి అన్నప్పుడు ఎలీసియో నాకు ఇచ్చిందీ విటమినే అక్కా. మొదట ఊరికే ఇస్తాడు. వాడిది పెద్ద చెయ్యి, గుప్పిట్లోంచి ఎంత రాలినా లెక్క చెయ్యడు. తర్వాత జతకు ఇంతని కూలీలో కోసుకుంటాడు.

నిన్‌ఫా పోయింది. వాళ్ళమ్మ వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళింది. దారిలోనే గుడి దగ్గర ఆపి ప్రమాణం చేయించిందట. వారం తిరగకుండా పోయింది. మునుపు పీల్చినంతే పీల్చిందట, కానీ ఒళ్ళు మునుపటిది కాదు, పైగా ఇప్పుడు దాంట్లో ఇంకేదో కలుపుతున్నారట. ఎవరు కలుపుతున్నారో, ఏం కలుపుతున్నారో అమ్మేవాడికే తెలియదంటుంది నర్సు. వాళ్ళమ్మ ఇక్కడికి వచ్చి, పిల్ల మంచం మీద కాసేపు కూర్చుని పోయింది. నాకు ఎలీసియోల మీద, మేస్త్రీల మీద ఎంత మండిందంటే, ఆ రోజు బల్ల ఎక్కి నా కథ చెప్పలేదు, వాళ్ళ కథ చెప్పాను. మద్రీనా ఆపలేదు.

నువ్వు కాదని ఒక్క ముక్క రాయి. నమ్ముతాను. యారెలి రోజూ బడికి వెళ్తోందా, అది కూడా రాయి.

ఒతీలియా


లియోన్.

ఒతీలియాకు,

ఎంత ధైర్యం నీకు. గురివింద గింజ నాకు నలుపు గురించి చెప్తోంది. ఎవరు నూరిపోశారు నీకు? ఎదురింటి కర్మెలా కదా? దాని కర్టెను ఊరికే కదలదు. మేడ మీద ఎవరో నడుస్తున్నారు, పిల్లులంటుంది యారెలి, పిల్లులకు బూట్లుంటాయా? నువ్వు ఆ మద్రీనాతో కలిసి వ్యాను పంపాలని చూస్తున్నావని నాకు తెలుసు. పంపించు. తోలు కోసే కత్తి దిండు కింద పెట్టుకున్నాను. నన్ను మూట కట్టేవాడు ఇంకా పుట్టలేదు.

నేను ప్రమాణం చేసిన మనిషిని. మీ బావ తాగి తాగి చనిపోయిన ఏడాది చేశాను, ఇప్పటికీ ఏటేటా మళ్ళీ రాయించుకుంటున్నాను. నా చీటీ మాత పటం కింద అద్దంలో ఉంది, వచ్చి చూసుకోవచ్చు, ఏమని రాసి ఉంది? మత్తు పానీయాలు ముట్టనని. నేను చుక్క ముట్టలేదు. చుక్క కాదు, చుక్కలో చుక్క కూడా ముట్టలేదు. ఆ తల్లికి ఇచ్చిన మాట నేను తప్పలేదు. ఎలీసియో ఇచ్చేది పానీయం కాదు. కాబట్టి నీలాంటిదాని ముందు నేను తల దించుకోవాల్సిన పని లేదు.

బడి అట బడి. బడి ఏం పెడుతుంది? యారెలిని నేను మాన్పించి ఇంట్లోనే పని నేర్పిస్తున్నాను. దాని వేళ్ళు సన్నం, బూట్లు అతికించే సొల్యూషన్ అంచులకు ఎంత ముద్దుగా పూస్తుందో, బ్రష్షు కూడా అక్కర్లేదు. కిటికీలు మూసే ఉంచుతున్నాను, కర్మెలా చూస్తుంది కదా. పెద్దమ్మా తల తిరుగుతోంది అని నవ్వుతుంది, నవ్వుతుంది, దానికి ఇష్టమే.

ఇక రాయకు.


లియోన్, అంపారో ఇంటి నుంచి,
జనవరి.

అక్కా,

ఈ ఉత్తరం అంపారో నీ తలుపు కిందినుంచి తోస్తుంది. చదవకుండా చింపకు. నిన్న నువ్వు వినలేదు గనక మళ్ళీ మొదటినుంచి రాస్తున్నాను.

నీ ఉత్తరం నాకంటే ముందు మద్రీనా చదివింది కదా. పిలిచి కూర్చోబెట్టి, "మీ అక్కను కూడా తీసుకొద్దామా? ఇవాళ వ్యాను ఖాళీగానే ఉంది. దగ్గరి బంధువు సంతకం కావాలి. నువ్వు పెట్టు" అంది. పెన్ను కూడా నా చేతికిచ్చింది. ఒక్క క్షణం, అబద్ధమెందుకు, చెయ్యి దురద పెట్టింది. నువ్వు మూటలో ఎలా ఉంటావో కళ్ళ ముందు కనపడింది, బాగుందనిపించింది. ఆ తర్వాత కత్తి గుర్తొచ్చింది. పక్కన యారెలి ఉంటుందని గుర్తొచ్చింది. ఆ తర్వాత ఇంకోటి తట్టింది.

"మద్రీనా, ఇంకొకర్ని లోపల పెట్టడానికి నా సంతకం చెల్లుతుందా?"

"చెల్లకపోతే అడుగుతానా?"

"అయితే నన్ను నేను బయట పెట్టుకోవడానికీ చెల్లుతుంది."

ఆదివారం కావడంతో చూడవచ్చినవాళ్ళు వరండా నిండా ఉన్నారు. నేను గట్టిగానే అన్నాను. అందరూ మా వైపు తిరిగారు. "నన్ను ఆపాలనుకుంటే వీళ్ళందరి ముందు ఆపండి. నా కూతురు మూసిన గదిలో సొల్యూషన్ పీలుస్తోంది. నేను గిన్నెలు తోముతూ కూర్చోను." తమాలెల ముసలావిడ లేచి నా పక్కన నిలబడింది. తర్వాత నర్సు. మద్రీనా ఏమనుకుందో తెలియదు, ఆవిడకీ ఒక కూతురు ఉండేదని అంటారు. తాళం తీసింది. "పీల్చావంటే నేనే వచ్చి నీ కాళ్ళ మీద కూర్చుంటాను" అంది. మొదటి రోజు నా కాళ్ళ మీద కూర్చున్న బరువైన మనిషి ఆవిడేనని అప్పుడు తెలిసింది.

సరాసరి యారెలిని జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్న మద్రీనా, అంపారో ఇంటికి వచ్చాను. మన ఇంటికి ఒంటరిగా వస్తే సందులో నేను క్రిస్టల్ కొనే చోటు దాటాలి. ఇంకా నా మీద నాకు అంత నమ్మకం లేదు. అంపారో నా చెయ్యి పట్టుకొని నడిపించుకొచ్చింది. నిన్న నువ్వు చూసింది మా ఇద్దరినే, పోలీసులను కాదు.

నువ్వు కిటికీలోంచి చెక్క అచ్చు విసిరావు. నలభై రెండో సైజుది, మగవాళ్ళ బూటుది. తగిలుంటే నా కథ అక్కడే ముగిసేది. "వ్యాను లేదు అక్కా, వీధంతా చూసుకో" అని అరుస్తూనే ఉన్నాను. చివరికి యారెలి గడియ తీసింది. అది ఎంత సన్నబడిందో నువ్వు చూశావా? వేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నువ్వు కత్తి పట్టుకొని దాని వెనకే నిలబడ్డావు. నిన్ను నేను గుర్తుపట్టలేదు. మా అక్క లావుపాటి మనిషి, గుమ్మం నిండుగా ఉండేది.

కానీ నువ్వు ఆపలేదు. పిల్ల నా దగ్గరకు నడిచొస్తుంటే కత్తి గోడ వారన పెట్టావు. పిచ్చి పట్టి ఉండి కూడా ఆ పని చేశావు. అందుకే ఇది రాస్తున్నాను.

యారెలి ఇక్కడే ఉంటుంది. రేపటినుంచి బడికి పోతుంది. నీ ఒళ్ళు బాగుపడేదాకా దాన్ని నీ ఇంటికి పంపను. ఏడ్చినా పంపను, తిట్టినా పంపను, మాత మీద ఒట్టేసినా అసలే పంపను. నీ ఒట్లు, నా ఒట్లు చూశాంగా. పానీయాలు ముట్టనని రాసి ఉంటే పీల్చుకున్నాం. రేపు పీల్చనని రాసిస్తే సూదేసుకుంటాం. ఆ తల్లిని లాయర్లలా మోసం చేశాం ఇద్దరం.

ఇంకో సంగతి నీకు ఎలాగూ తెలుస్తుంది, నా నోటితోనే విను. ఈ పొద్దున గ్వాకమాయ బండి దగ్గరకు వెళ్ళాను. సోమవారం సెయింటు గారి భక్తులందరూ ఉన్నారు, ఎలీసియో కూడా ఉన్నాడు. ఒక గ్వాకమాయ కొనుక్కొని, అతని పక్కనే కూర్చుని, అందరికీ వినపడేలా అన్నాను: "దొన్ ఎలీసియో, మా అక్కకు మీరిచ్చే విటమిన్ మీ కూతురికి ఎందుకివ్వరు? ఆమెకు నడుము నొప్పి రాదా?" ఎవరూ నవ్వలేదు. తేలు కుట్టిన దొంగల్లా అందరూ రొట్టెల్లోకి చూస్తూ కూర్చున్నారు, ఎందుకంటే అక్కడున్నవాళ్ళలో సగం మందికి ఆ విటమినే. ఎలీసియో నెమ్మదిగా, "నోరు జాగ్రత్త ఒతీలియా. ఇది నాతో పోయే వ్యవహారం కాదు, నా వెనక ఉన్నవాళ్ళు వేరు" అన్నాడు. నేనూ నెమ్మదిగానే, "నా వెనక ఎవరూ లేరు. అందుకే వెనక్కి చూడను" అన్నాను. భయం లేదా అంటే ఉంది. అయినా రొట్టె మొత్తం తిన్నాను. తోళ్ళు కోసే ముసలాయన దొన్ నబోర్ మాత్రం లేచి, ఎలీసియో ఇచ్చిన పనిసంచి అతని ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాడు. ఒక్కడే. ఒక్కడైనా వెళ్ళాడు.

ఇప్పుడు నీ సంగతి. నేను వ్యాను పంపను. పెన్ను చేతికిచ్చినా సంతకం పెట్టలేదు, ఇక ముందూ పెట్టను. నిన్ను మూట కట్టనివ్వను. నువ్వు నన్ను పంపినప్పుడు నీకు వేరే దారి తెలియలేదు, నాకు తెలుసు. మన పేట ఆరోగ్య కేంద్రంలో ఒక డాక్టరమ్మ ఉంది, చిన్నపిల్ల, గట్టిది. తాళం వెయ్యదు, చెత్తనని చెప్పమనదు. రోజూ రమ్మంది, రమ్మన్న పూట రావాలంది. బయట నిమ్మచెట్టు కింద ఒక బెంచీ ఉంది. రేపటినుంచి పొద్దున్నే యారెలిని బడిలో దింపి అక్కడ కూర్చుంటాను, నా కోసమే కూర్చుంటాను. నువ్వు వస్తే వస్తావు. రాకపోతే ఎల్లుండి కూడా అక్కడే ఉంటాను. తలుపు కొట్టను. బతిమాలను.

ఆ సందు దాటాలంటే నాకు ఇంకొకరి చెయ్యి కావాలి అక్కా. ఇప్పుడు అంపారోది పట్టుకుంటున్నాను. నీది ఉంటే బాగుండునని అనిపిస్తోంది. అంతే.

ఒతీలియా


లియోన్.

ఒతీలియా,

మంగళవారం వచ్చాను. నువ్వు చూడలేదు. రోడ్డుకు ఇవతల బీరు లారీ వెనక నిలబడ్డాను. నువ్వు కాళ్ళు ఊపుకుంటూ నారింజ పండు తింటున్నావు, నాకు ఒళ్ళు మండిపోయి వెనక్కి వెళ్ళిపోయాను. బుధవారం వచ్చాను. ఆ రోజు నువ్వు ఏడుస్తున్నావు. ఎందుకో అడుగుదామనుకున్నాను గాని కాళ్ళు రాలేదు.

కార్ఖానాకు పోవడం లేదు. పోలేదని నన్నేం మెచ్చుకోకు, నిద్రపోతున్నాను, అంతే. లేచినప్పుడల్లా కావాలనిపిస్తుంది. ఎంత కావాలనిపిస్తుందంటే నువ్వు రాసిన చీమలు ఎంతో నయం. నిన్న ఆగలేక ఎలీసియో దగ్గరకు బయల్దేరి, మలుపు తిరిగి గుళ్ళో తేలాను. పాత చీటీ ఫాదర్ చేతిలో పెట్టి, కొత్తది రాయమన్నాను. నా వెనక వరసలో అందరూ మగవాళ్ళే, ఒకడు మేనల్లుడి పెళ్ళి రోజుకు మినహాయింపు ఇమ్మని బేరమాడుతున్నాడు. "నీకు దేనికమ్మా రాయాలి, మత్తు పానీయాలకేనా?" అని ఫాదర్ అడిగాడు. కాదు, క్రిస్టల్ అన్నాను. వరస వరసంతా నా వైపు తిరిగింది. బేరమాడేవాడు కూడా. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను, చావలేదు. "ఎన్నాళ్ళకు?" అన్నాడు ఫాదర్. ఏడాది అని నోటిదాకా వచ్చింది. ఏడాది ఎంత పెద్దదో అప్పుడు కనపడింది. చీటీ రాయించుకోకుండానే వచ్చేశాను.

యారెలిని దూరంగా ఉంచావు. మంచి పని చేశావు. ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది, నీ మొహం మీద చెప్పమంటే చెప్పను.

రేపు వస్తాను. పిల్లను తీసుకురాకు. అంపారోను తీసుకురాకు. ఏమే, ఎలా ఉన్నావని అడగకు, అడిగితే కొడతాను. డాక్టరమ్మ ముందు నా తరఫున నువ్వు ఒక్క మాట మాట్లాడకు, నాకు నోరుంది. లోపలికి వెళ్తానో, గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతానో నాకే తెలియదు. తిరిగిపోతే వెంటపడకు, ఎల్లుండి మళ్ళీ వస్తాను.

నేను వచ్చేసరికి బెంచీ మీద కాస్త జరిగి కూర్చో.

అక్క